తెల్లాపూర్ బండ - మన బోరుబండి

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని సంఘం కార్యదర్శిగారు అడిగారు. పింఛను నిబంధనల గురించి, కరువు భత్యం గురించి వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. బోరుబండి గురించి వ్రాసినవారు మాత్రం ఇంతవరకు కనబడలేదు. అందుకని ఆ పని నేను తీసుకున్నాను. మన సభ్యులలో ఎక్కువమంది ఆఫీసు కుర్చీలో సర్వీసు గడిపినవారే. "బోరు వేయబడినది, లోతు 200 అడుగులు, నీటి లభ్యత గంటకు ఇన్ని గ్యాలన్లు" అని వారి ఫైలులో ఒక్క వాక్యంతో తేలిపోయే పని వెనుక ఏడెనిమిది మంది మనుషులు, రెండు లారీలు, రెండు పగళ్లు, ఒక్కొక్కసారి మధ్యలో ఒక రాత్రి ఉండేవి. ఆ సంగతి వారికీ, వారి ఇళ్లలోని పిల్లలకూ తెలిస్తే మంచిదని నా అభిప్రాయం.

తెల్లాపూర్ ఇప్పుడు అందరికీ తెలిసిన పేరు. ఇరవై, ముప్పై అంతస్తుల భవనాల ప్రకటనలలో రోజూ కనబడుతుంది. 2018లో పురపాలక సంఘం అయింది. నేను 1980ల మొదట్లో బోరుబండి మీద వెళ్లినప్పుడు అది మెదక్ జిల్లాలో సికింద్రాబాద్ - వాడి రైలు మార్గం మీద ఒక చిన్న స్టేషన్, ఒక ఊరు, ఊరి చుట్టూ జొన్న చేలు, ద్రాక్ష తోటలు, మధ్య మధ్య ఏనుగుల్లాగా పడుకున్న రాతి గుండ్లు. అటు కాస్త దూరంలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం సైరన్, ఇటు పటాన్‌చెరు దారిలో కొత్తగా లేస్తున్న ఫ్యాక్టరీల పొగగొట్టాలు. 2016 అక్టోబరు నుంచి ఈ ప్రాంతం సంగారెడ్డి జిల్లా.

ఇక్కడి నేల స్వభావం తెలియకపోతే మా పని అర్థం కాదు. గోదావరి, కృష్ణ డెల్టాల్లో నేలకింద ఇసుక పొరలు ఉంటాయి. అక్కడ పైపు దించితే నీరు ఉంటుంది, అది తీపో ఉప్పో అన్నదే సందేహం. తెల్లాపూర్‌లో ఉన్నది నల్లరేగడి కాదు, ఇసుక కాదు, సుమారు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైటు బండ. బండకు నీరు దాచుకునే గుణం లేదు. పైన కొంత మేర ఎండకు, వానకు ముక్కిపోయి మొరంగా మారిన రాయి ఉంటుంది. అందులో కొంత నీరు ఇంకి నిలుస్తుంది. దాని కింద గట్టి రాయిలో అక్కడక్కడ పగుళ్లుంటాయి. నీరు ఆ పగుళ్లలో మాత్రమే ఉంటుంది. రైతులు దాన్ని "గ్యాపు" అంటారు. పదడుగుల ఇవతల పొక్క కొడితే దుమ్ము, అవతల కొడితే నీళ్లు. ఇదే జిల్లాలో జహీరాబాదు వైపు వెళ్తే ఎర్రటి జేగురు రాయి, దాని కింద దక్కను నల్లరాయి వస్తాయి. అక్కడ బండి పని తీరే వేరు. ఒక జిల్లాలో రెండు భూగోళాలు అని మా జియాలజిస్టుగారు అనేవారు.

వెనుకటి రోజుల్లో ఈ మొరంలో నీటికే బావులు తవ్వేవారు. లోతును గజాలలో చెప్పేవారు. ఎడ్లు, మోట, తొండం, గిరక - మన వయసు వారికి వివరించనక్కరలేదు. కరువు వచ్చినప్పుడల్లా బావిని మరో రెండు గజాలు దించేవారు. గట్టి బండ తగిలితే మందుపెట్టి పేల్చేవారు. తరువాత కొందరు బావి అడుగున చేతి పరికరాలతో చిన్న పొక్కలు కొట్టించడం మొదలుపెట్టారు. యంత్రాలు వచ్చిన తొలిరోజుల్లో కూడా ఉలిలాంటి బరువైన ఇనుమును తాడుతో ఎత్తి వేసే రిగ్గులే. వాటితో గ్రానైటులో పొక్క కొట్టడమంటే వారాల పని.

దేశంలో ప్రభుత్వ స్థాయిలో గొట్టపుబావుల అన్వేషణ 1954లో ఒక ప్రత్యేక సంస్థతో మొదలైంది. అదే 1970లో కేంద్ర భూగర్భ జల మండలి అయింది. మన రాష్ట్రంలో భూగర్భ జల శాఖ 1971లో ఏర్పడింది. అయితే బండ ప్రాంతాల తాగునీటికి అసలు మలుపు 1966-67 కరువు తరువాత వచ్చింది. బీహారు, ఉత్తరప్రదేశ్‌లలో బావులెండి జనం అల్లాడినప్పుడు యునిసెఫ్ సంస్థ గట్టి రాతిని తొలిచే, గాలితో పనిచేసే రిగ్గులను విదేశాల నుంచి తెప్పించింది. ఆ పద్ధతి తరువాత దక్షిణాది బండ జిల్లాలన్నిటికీ పాకింది. హాల్కో, ఇంగర్‌సాల్ రాండ్, అట్లాస్ కాప్కో అనే పేర్లు మా నోళ్లలో వెంకటేశ్వర్లు, యాదగిరి అన్నంత మామూలైపోయాయి.

ఈ రిగ్గులో గొప్పతనమంతా సుత్తిలో ఉంది. పాత పద్ధతిలో దెబ్బ పైన కొడితే, ఆ బలం రాడ్ల పొడవునా పోయి కిందకు చేరేలోపు సగం హరించుకుపోయేది. కొత్త పద్ధతిలో సుత్తే పొక్కలోకి దిగుతుంది. దానిని మేము "హేమర్" అనేవాళ్లం. సుమారు మనిషి ఎత్తుండే ఇనుప గొట్టం అది. లోపల పిస్టన్, కింద బిట్టు. బిట్టు ముఖం మీద టంగ్‌స్టన్ కార్బైడు గుండీలు బొడిపెల్లాగా ఉంటాయి. రెండో లారీ మీద ఉన్న కంప్రెషర్ గాలిని నొక్కి, రబ్బరు హోసు ద్వారా బోలు రాడ్లలోకి పంపుతుంది. ఆ గాలి పిస్టన్‌ను నిమిషానికి వెయ్యికి పైగా సార్లు బిట్టు మీద కొట్టిస్తుంది. పైనుంచి రాడ్లు నెమ్మదిగా, నిమిషానికి పాతిక ముప్పై చుట్లు తిరుగుతుంటాయి, ప్రతి దెబ్బా కొత్తచోట పడేందుకు. పని ముగించుకున్న గాలి బిట్టు రంధ్రాలలోంచి బయటపడి, నలిగిన రాతిని రాడ్డుకూ పొక్క గోడకూ మధ్య సందులోంచి పైకి ఎగదన్నుతుంది. ఆ సందులో గాలి నిమిషానికి 3 వేల అడుగుల వేగంతోనైనా పోవాలి. లేకపోతే రాతిపొడి పైకి రాక సుత్తి మీదే కూర్చుంటుంది. ఒకే గాలి కొడుతుంది, అదే చీపురు పట్టి ఊడుస్తుంది. ఇంతకంటే పొదుపరి ఏర్పాటు నేను మన ఆఫీసుల్లో ఎక్కడా చూడలేదు.

ఆనాటి బోర్లు 200 అడుగుల దగ్గరే ఎందుకు ఆగేవని మా మనుమడు అడిగాడు. బడ్జెట్ అంతే అనుకున్నాడు. కారణం నీరే. పొక్కలో నీరు నిలిస్తే అది సుత్తిని కిందనుంచి అదుముతుంది. రెండడుగుల మూడంగుళాల పైచిలుకు ఎత్తు నీటికి ఒక పౌను ఒత్తిడి లెక్క. మా పాత కంప్రెషర్ చదరపు అంగుళానికి 100 పౌన్ల గాలి ఇచ్చేది. 200 అడుగుల నీరు నిలిస్తే దాని బరువే 87 పౌన్లు. ఇక సుత్తికి మిగిలేదేమిటి? అందువల్ల నీళ్లు బాగా పడ్డ బోరు లోతు పోయేది కాదు, లోతు పోయిన బోరులో నీళ్లుండేవి కావు. తరువాత 200, 250 పౌన్ల కంప్రెషర్లు వచ్చాయి. ఇప్పటి ప్రైవేటు బండ్లు 300 దాటాయి. లోతుకు అడ్డంకి పోయింది. దాని ఫలితాన్ని ముందు ముందు చెబుతాను.

బండి మీద సిబ్బంది గురించి. డ్రిల్లర్ ఒకరు, అసిస్టెంట్ డ్రిల్లర్ ఒకరు, కంప్రెషర్ చూసే మెకానిక్ ఒకరు, ఇద్దరు పెద్దబండి డ్రైవర్లు, ముగ్గురు నలుగురు హెల్పర్లు. కాగితం మీద వాచ్‌మన్ ఉన్నా, వంట కూడా అతనే చేసేవాడు. నేను 1978లో అసిస్టెంట్ డ్రిల్లర్‌గా చేరాను. అప్పటి మా డ్రిల్లర్‌గారు ఏడో తరగతి వరకే చదివారు. రాయి విషయంలో మాత్రం ఆయన మాటను జియాలజిస్టు కూడా కాదనేవాడు కాదు.

ఊరు చేరగానే మొట్టమొదట ఆయన తల పైకెత్తి చూసేవారు. నీటి కోసం కాదు, కరెంటు తీగల కోసం. బండి మీద పడుకోబెట్టిన మాస్టు లేస్తే ముప్పై అడుగుల పైచిలుకు ఎత్తు. తీగకు తగిలితే లీవరు పట్టుకున్నవాడు అక్కడే పోతాడు. తరువాత నేల చూసేవారు. జాకీల కింద పెట్టడానికి టేకు చెక్కలు మా బండిలో ఎప్పుడూ ఉండేవి. బండి నాలుగువైపులా మట్టసంగా లేవాలి, చక్రాల మీద బరువు ఉండకూడదు. ఇక్కడ అంగుళం వంకర ఉంటే 200 అడుగుల కింద ఎంత వంకరవుతుందో లెక్క వేసుకోండి. వంకర పొక్కలో పంపు దిగదు. దిగినా రాడ్డు గోడకు రాసుకొని అరుగుతుంది.

ఆ పైన కొబ్బరికాయ. ప్రభుత్వ పనిలో దీనికి పద్దు లేదు గనుక ఊరివారే తెచ్చేవారు. పసుపు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు, మాస్టుకు వేపమండ. మసీదు దగ్గర బోరు అయితే ఫాతిహా చదివి, చక్కెర పంచేవారు. మా మెకానిక్‌కు రెండిట్లోనూ ప్రసాదం ముట్టేది.

మొదట పెద్ద బిట్టుతో పై మట్టిని, మొరాన్ని తొలిచేవాళ్లం. గట్టి రాయి తగిలిందని తెలియగానే ఆపి, కేసింగు పైపు దించాలి. నా దృష్టిలో బోరు ప్రాణమంతా ఈ కేసింగులో ఉంది. అది గట్టి రాతిలో రెండు మూడడుగులు కూర్చోవాలి. తక్కువ వేస్తే మొరం జారి బోరు పూడుతుంది, పై మురుగు లోపలికి దిగుతుంది. "ఇంకో రెండు పైపులు వేయండి సారూ" అని ఊరివాళ్లు అడగరు. ఎందుకంటే అది కంటికి కనబడే పని కాదు. డ్రిల్లర్ మనస్సాక్షి మీద ఆధారపడ్డ పని అది.

కేసింగు తరువాత బిట్టు మార్చి సుత్తి ఎక్కిస్తే అసలు పని మొదలు. డ్రిల్లర్ ఎడమ చేయి ఒక లీవరు మీద, కుడి చేయి మరో లీవరు మీద. మొదట్లో సుత్తిని కిందకు అదమాలి. పది రాడ్లు దిగాక వాటి బరువే ఎక్కువవుతుంది గనుక అప్పుడు పైకి పట్టి ఉంచాలి. ఈ మార్పు ఏ రాడ్డు దగ్గర వస్తుందో పుస్తకంలో ఉండదు, చేతికి తెలుస్తుంది. రాడ్డు 20 అడుగులు. పాత కంప్రెషర్‌తో ఆ 20 అడుగులు దిగడానికి గంటన్నర, రాయి మొండిదైతే రెండు గంటలు. రాడ్డు దిగాక గాలి ఆపి, కింద చీలిక పానా వేసి పట్టి, పైన మర విప్పి, కొత్త రాడ్డును హెల్పర్లు భుజాల మీద తెచ్చి నిలబెట్టి, మరకు గ్రీజు పూసి బిగించాలి. ప్రమాదాలన్నీ ఈ నాలుగు నిమిషాలలోనే. పానా జారితే వేళ్లు పోతాయి. హోసు ఊడితే పాములాగా ఎగిరి కొడుతుంది, అందుకే దానికి గొలుసు కట్టేవాళ్లం. మర సరిగా పడకపోతే రాడ్లూ హేమరూ కలిసి పొక్కలోకి పోతాయి. వాటిని తిరిగి పట్టి పైకి తీయడానికి మూడు నాలుగు రోజులు పట్టేది. ఆ రోజుల్లో డ్రిల్లర్‌గారు అన్నం తినేవారు కాదు. ఎవరూ ఆయనతో మాట్లాడేవారు కాదు.

రాయిని చదవడం నేను నేర్చుకున్నది ఆయన దగ్గరే. ప్రతి పది అడుగులకూ పైకి వచ్చిన రాతిపొడిని చేటలో పట్టి నేల మీద వరుసగా కుప్పలు పోయాలి. ఎర్ర కుప్ప మట్టి, పసుపు కుప్ప మొరం, బూడిదరంగు, గులాబీరంగు కుప్పలు గ్రానైటు. సన్నటి నల్లపొడి వచ్చిందంటే డోలరైటు రాతి గోడ తగిలిందన్నమాట. ఆ గోడ భూమిలో నిలువు ఆనకట్టలాంటిది. దాని ఒక పక్కన నీరు ఆగుతుంది, మరో పక్కన ఉండదు. తెల్లటి పలుగురాయి ముక్కలు, వాటికి తుప్పు మరకలు కనబడితే డ్రిల్లర్‌గారి మొహం వెలిగేది. తుప్పు ఉన్నదంటే అక్కడికి ఎప్పుడో నీరు వచ్చి పోయిందన్నమాట. చెవికి కూడా పని ఉండేది. గట్టి రాతిలో సుత్తి చప్పుడు గణగణమని ఒకే తీరుగా ఉంటుంది. పగులు రాగానే ఒక్క క్షణం బోలుగా మోగి, రాడ్లు కుదుపుతో అరడుగు జారతాయి.

అన్నిటికంటే కష్టం నీరు కొంచెంగా తగిలిన సమయం. బాగా పడితే సమస్య లేదు, గాలే నీటిని ఎగదన్నుతుంది. అసలు లేకపోతే పొడి దుమ్ముగా లేస్తుంది. చెమ్మ మాత్రమే ఉంటే పొడి తడిసి ముద్దై రాడ్డు చుట్టూ కంకణం లాగా పేరుకొని, గాలిదారి మూసి, హేమరును అక్కడే బిగించేస్తుంది. దుమ్ము ఆగింది, నీళ్లు రాలేదు అన్నప్పుడు ఊరివాళ్లు చప్పట్లు కొట్టబోయేవారు. డ్రిల్లర్‌గారు వెంటనే రాడ్డు పైకి లాగి, పొక్కలోకి నీళ్లు పోయించి కడిగించేవారు. "నీళ్ల కోసం వచ్చి మా నీళ్లే పోస్తిరి గదా సారూ" అని ఒక పెద్దాయన అన్నమాట మా యూనిట్‌లో సామెత అయిపోయింది.

నీరు పడ్డాక ఎంత పడిందో చెప్పాలి. రైతు "రెండించుల నీళ్లు" అంటాడు. మాకు అలా కుదరదు. చిన్న కాలువ తీసి, దానికి అడ్డంగా వి ఆకారపు గాటు ఉన్న రేకు పాతి, ఆ గాటు మీద నీరు ఎంత ఎత్తున పారుతున్నదో కొలిచేవాళ్లం. గాటు మీద రెండంగుళాలు ఉంటే గంటకు సుమారు 2,900 లీటర్లు. నాలుగంగుళాలు ఉంటే రెట్టింపు అనుకుంటారు చాలామంది. కాదు, 16 వేల లీటర్ల పైమాటే. అయిదున్నర రెట్లు దాటిందన్నమాట. ఈ లెక్క తెలియక ఆఫీసులో కొందరు మా రిపోర్టులను అనుమానించేవారు. చేతిపంపుకు రెండంగుళాలు కూడా అక్కరలేదు, అంతకన్న తక్కువైనా ఒక వాడకు సరిపోతుంది. ఆ చేతిపంపు గురించి కూడా ఒక మాట. తొలి రోజుల్లో బిగించిన పోత ఇనుప పంపులు నెలల్లోనే చెడిపోయేవి. షోలాపూర్‌లో తయారైన ఒక మంచి నమూనా ఆధారంగా, యునిసెఫ్, కేంద్ర ప్రభుత్వం, మద్రాసు రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కర్మాగారం కలిసి 1970లలో ఇండియా మార్క్-2 పంపును రూపొందించాయి. దాదాపు 150 అడుగుల లోతునుంచి నీరు తోడగల ఆ పంపు మన దేశంలోనే కాక ఆఫ్రికా దేశాలలో కూడా పనిచేస్తున్నది. మనం పొక్క కొట్టకపోతే ఆ పంపు ఏ అడుగున నిలబడేది అని మా వాళ్లు గర్వంగా అనేవారు.

బోరు ఎక్కడ వేయాలన్నది రాయి ఒక్కటే నిర్ణయించేది కాదు. పటాన్‌చెరు వైపు ఒక ఊరిలో, పేరు వద్దు, జియాలజిస్టుగారు సర్వే చేసి దళితవాడ అంచున రాయి పాతి వెళ్లారు. అప్పటి పథకాలలో ఆ వాడలకే మొదటి హక్కు. మేము బండి తీసుకుని వెళ్లేసరికి ఆ రాయి ఊరి నడుమ ఒక పెద్దమనిషి వాకిట్లో ఉంది. రాళ్లకు కాళ్లు ఉంటాయని అప్పుడే తెలిసింది. ఆ పెద్దమనిషి మర్యాదస్తుడే. "దొరా, ఈడ్నే ఎయ్యుండ్రి. ఆడ నీళ్లు పడయి, మా తాతల కాలం సంది తెలుసు" అన్నాడు. చాయ్ తెప్పించాడు. డ్రిల్లర్‌గారు చాయ్ తాగారు. తాగి, జేబులోంచి జియాలజిస్టు వ్రాసిన చీటీ తీసి, అందులో వేపచెట్టునుంచి ఎన్ని అడుగులో, బడి గోడనుంచి ఎన్ని అడుగులో చదివి, టేపు పట్టుకొని నడిచారు. మేమందరం వెనుక నడిచాం. నూట అరవై అడుగుల దగ్గర గ్యాపు వచ్చి రెండున్నర అంగుళాల నీరు పారింది. వాడలోని ఆడవాళ్లు బిందెలు కడుక్కొని వరుసలో నిలబడ్డారు. ఆరు నెలల తరువాత అదే దారిన వెళ్తే, ఆ ఎండాకాలంలో ఊరి నడుమ బావి ఎండి, ఆ పెద్దమనిషి ఇంటి పనిమనిషి కూడా అదే పంపు దగ్గర వరుసలో ఉంది. ఆయన ఇంట్లో ఆ నీళ్లు తాగారా, వాడుకకు మాత్రమేనా అని నేను అడగలేదు.

పటాన్‌చెరు, బొల్లారం వైపు బోర్ల సంగతి వేరుగా చెప్పాలి. 1980ల చివర్లో మేము ఆ వాగుల పక్కన తొలిచినప్పుడు నీళ్లు పడగానే సంతోషపడే రోజులు పోయాయి. ముందు వాసన చూసేవాళ్లం. పసుపు నీళ్లు, నురగ నీళ్లు చూశాం. ఒకచోట హెల్పరు అలవాటుగా దోసిలి పట్టబోతే డ్రిల్లర్‌గారు చేయి మీద కొట్టి పారబోయించారు. నక్కవాగు, ఇస్కవాగుల వెంట పారిశ్రామిక వ్యర్థాల కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. కోర్టు ఆదేశాలతో ఆ గ్రామాలకు బయటినుంచి తాగునీరు ఇవ్వవలసి వచ్చింది. డాక్టర్ కిషన్‌రావు గారి వంటి స్థానికులు ఆ పోరాటం ఏళ్ల తరబడి నడిపారు. పగుళ్లు నీటిని ఎలా నడిపిస్తాయో విషాన్నీ అలాగే నడిపిస్తాయి. కేసింగు ఎంత వేసినా ఆ పగులుకు అడ్డం పెట్టలేము.

ఇప్పుడు హెల్పర్ల సంగతి. ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం కూడా అదే.

దుమ్ము వచ్చే దిక్కున నిలబడేది హెల్పరు. కుప్పలు పట్టేది, రాడ్డు మోసేది, గ్రీజు పూసేది అతడే. గ్రానైటు పొడిలో పలుగురాయి ధూళి ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. మూతికి తువ్వాలు కట్టుకోవడమే మాకు తెలిసిన రక్షణ. కంప్రెషర్ పక్కన పదేళ్లు పనిచేసినవారికి చెవులు పోయాయి. మన సంఘం సమావేశాలలో బోరుబండి వాళ్లు గట్టిగా అరచి మాట్లాడతారని నవ్వుకునేవారికి కారణం చెబుతున్నాను. మా యూనిట్‌లో ఇద్దరు హెల్పర్లు నామమాత్రపు రోజుకూలీ మీద, మస్టర్ రోల్‌లో, 1982 నుంచి పనిచేశారు. వానాకాలంలో బండి షెడ్డులో ఉంటే మస్టర్‌లో వారి పేర్లు ఉండేవి కావు. కాని షెడ్డులో బండి కడిగి, రాడ్లకు నూనె పూసి, మరలు సరిచేసింది వారే.

1994 ఏప్రిల్‌లో 212 నంబరు జి.ఓ. వచ్చింది. 1993 నవంబరు 25 నాటికి ఎడతెగకుండా అయిదేళ్లు పనిచేసినవారిని క్రమబద్ధీకరించే ఆ ఉత్తర్వు మనలో ఎందరి జీవితాలను మార్చిందో వేరే చెప్పనక్కరలేదు. ఈ ఇద్దరి విషయంలో ఆఫీసు మస్టర్‌లోని వానాకాలపు ఖాళీలు చూపి, సర్వీసు తెగిందన్నది. పన్నెండేళ్లు దుమ్ము తిన్న మనుషులు అయిదేళ్ల లెక్కలో నిలవలేదు.

అప్పుడు డ్రిల్లర్‌గారి లాగ్‌బుక్కులు పనికి వచ్చాయి. ప్రతి బోరుకూ ఆయన ఒక పేజీ వ్రాసేవారు: తేదీ, ఊరు, ఏ అడుగుకు ఏ రాయి, ఏ రాడ్డు ఎన్ని నిమిషాలు, డీజిల్ ఎంత, ఆ రోజు బండి మీద ఎవరెవరు. షెడ్డులో ఉన్న రోజులకు కూడా "బండి మరమ్మతు" అని వ్రాసి పేర్లు వేసేవారు. కార్బన్ పెట్టి రెండు ప్రతులు. ఒకటి ఆఫీసుకు, ఒకటి ఆయన ట్రంకుపెట్టెకు. ఆఫీసు ప్రతులు గది మారినప్పుడు పాత కాగితాల కింద తూకానికి పోయాయి. ట్రంకుపెట్టె ప్రతులు మిగిలాయి. ఆయన అప్పటికి పదవీ విరమణ చేసి ఊళ్లో ఉన్నారు. మేము వెళ్లి అడిగితే, ఏ సంవత్సరం కావాలని మాత్రం అడిగారు. ఆ పేజీలతో ట్రిబ్యునల్‌కు వెళ్లాం. ఒక హెల్పరుకు 2001లో క్రమబద్ధీకరణ అయింది. 2012లో పదవీ విరమణ నాటికి పదకొండేళ్ల సర్వీసు, చిన్న పింఛను, కాని పింఛను. రెండో అతనికి ఉత్తర్వు రాకముందే దగ్గు ముదిరింది. మొదట టి.బి. అని మందులు వాడారు. ఆ కాగితం వచ్చేసరికి అతను లేడు. భార్య ఇప్పటికీ ఇళ్లలో పని చేస్తున్నది.

నా సర్వీసు చివరి ఏళ్లలో ప్రభుత్వ బండ్ల కాలం తగ్గిపోయింది. తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చిన ప్రైవేటు బండ్లు ప్రతి మండల కేంద్రంలోనూ నిలబడ్డాయి. అడుగుకు ఇంత అని రేటు. రాడ్డు దిగడానికి పదిహేను నిమిషాలు కూడా పట్టని వేగం. మేము రెండు రోజులు కష్టపడ్డ లోతును వాళ్లు మధ్యాహ్నం భోజనానికి ముందే దాటేస్తారు. పైన కరెంటు, సబ్‌మెర్సిబుల్ పంపులు. మోటబావులు ఎండిపోయాయి, తరువాత 200 అడుగుల బోర్లు, తరువాత 400 అడుగులవి. చుట్టూ ఉన్న ద్రాక్ష తోటలు పోయాయి. తెల్లాపూర్ పరిసరాల్లో ఇప్పుడు అపార్టుమెంట్ల బోర్లు వెయ్యి అడుగులు దాటుతున్నాయి. అంత లోతున పగుళ్లు తక్కువ, అవి కూడా బిగుసుకొని ఉంటాయి. కాబట్టి ఎక్కువ లోతు అంటే ఎక్కువ నీరు కాదు. మూడు బోర్లు వట్టిపోయి నాలుగోది వేయడానికి ఎడ్లను అమ్మిన రైతుకు ఈ మాట చెబితే వినే స్థితిలో ఉండడు, అడుగుల లెక్కన డబ్బు తీసుకునేవాడికి చెప్పాలనిపించదు.

2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం వచ్చింది. వాల్టా అంటారు. రిగ్గులు నమోదు చేసుకోవాలి, బోరుకు అనుమతి తీసుకోవాలి. నీళ్లు పడని పొక్కను వెంటనే పూడ్చాలని, మూత వేయాలని సుప్రీంకోర్టు 2010లో మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా 2020 మే నెలలో మెదక్ జిల్లా పొడ్చన్‌పల్లిలో అప్పుడే వేసిన బోరులో మూడేళ్ల పిల్లవాడు పడి చనిపోయాడు. మా కాలంలో కేసింగుకు ఇనుప మూత వెల్డింగు చేయనిదే డ్రిల్లర్‌గారు మాస్టు దించనిచ్చేవారు కాదు. వెల్డింగు సెట్టు పాడైతే, ఒక రాత్రంతా హెల్పరును పొక్క పక్కన మంచం వేయించి పడుకోబెట్టారు.

మొన్న మార్చిలో తెల్లాపూర్‌లో మా అమ్మాయి వాళ్ల సముదాయం పక్కన బండి నిలబడితే చూడడానికి వెళ్లాను. పనివాళ్లు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ కుర్రవాళ్లు. బాగా పనిచేస్తున్నారు, రాడ్డు ఎత్తడానికి ఇప్పుడు యంత్రమే ఉంది. రాతిపొడి కుప్పలు మాత్రం లేవు, అంతా బురదై మురుగు కాలువలోకి పోతున్నది. కేసింగు ఎంత అని అడిగితే ఒకడు వేళ్లు చూపించాడు. ఏ అడుగున ఏ రాయి వచ్చిందో వ్రాసుకున్నారా అని అడిగాను. అతనికి ప్రశ్న అర్థం కాలేదు. భాష రాక కాదు. ఆ స్థలానికి నూరు గజాల లోపునే మేము 1983లో ఒక బోరు వేశాం. అక్కడ 110 అడుగుల నుంచి డోలరైటు గోడ మొదలవుతుందని డ్రిల్లర్‌గారి పేజీలో ఉంది. ఆ గోడకు ఏ పక్క తొలిచినదీ తెలుసుకోకుండా వెయ్యి అడుగులు పోయారు. దుమ్మే లేచింది.

డ్రిల్లర్‌గారు పోయిన తరువాత వారి కుమారుడు ఆ ట్రంకుపెట్టెను నాకు ఇచ్చారు. 1974 నుంచి 1991 వరకు పుస్తకాలున్నాయి, నడుమ రెండేళ్లవి లేవు. సంగారెడ్డి, పటాన్‌చెరు, రామచంద్రాపురం వైపు ఊళ్ల పేజీలను ఊరి పేరు ప్రకారం విడదీసి, మా మనుమడి చేత కంప్యూటరులో ఎక్కిస్తున్నాను. మన సభ్యులలో బోరు యూనిట్లలో పనిచేసినవారి ఇళ్లలో ఇటువంటి పుస్తకాలు అటక మీద ఉండి ఉంటాయి. కాగితం ముక్కయినా సరే, చెదలు పట్టినదైనా సరే, తూకానికి వేయకుండా సంఘం కార్యాలయంలో కార్యదర్శిగారికి అందజేయవలసిందిగా కోరుతున్నాను. ముఖ్యంగా హెల్పర్ల పేర్లున్న పేజీలు. వారి కుటుంబాలలో ఇద్దరి దరఖాస్తులు ఇప్పటికీ తేలలేదు. ఆ రెండు పేర్లు 1986, 1987 సంవత్సరాల పుస్తకాలలో ఉండాలి, నా దగ్గర లేనివి ఆ రెండేళ్లవే.